అరగదీసిన చింతగింజ

ఆసు పోయడమంటే ఏమిటో ముందు చెప్పాలి. లేకపోతే మేమంత పనికిమాలిన ఆట ఎందుకు కనిపెట్టామో ఎవరికీ అర్థం కాదు. చీర దారానికి అక్కడక్కడా బిగించి చిటికి కట్టి రంగు అద్దే ముందు ఆ దారాన్ని ఒక చెక్క చట్రం మీద పోయాలి. ఇటు చివర ఒకే ఒక్క మేకు, అటు చివర వంకరగా తిరిగిన పట్టీ మీద వరుసగా బోలెడు మేకులు. కూర్చుని, దారం పట్టుకుని, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చెయ్యి ఆడించాలి. అంతే పని. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు తిరుగుతుంది. తలకు పని ఉండదు, రెక్కకు తీరిక ఉండదు. ఆ పని చేసినవాళ్ళకు నిద్రలో కూడా చెయ్యి కదులుతుంది. నాది ఇప్పటికీ కదులుతుందని మా ఆయన అంటాడు. నిద్రలో ఆయనకెలా తెలిసిందో నేనడగలేదు.

ఎనభైల చివర్లో నేను దేవరకొండ నుంచి మోత్కూర్ దగ్గర ఒక ఊరికి కోడలిగా వచ్చాను. మా పుట్టింటి వాకిట్లో నిలబడితే కొండ మీద కోట కనిపించేది. బడిలో పదో తరగతి దాకా చదివాను. వారపత్రికల్లో హత్యల సీరియళ్ళు మాత్రం అంతకంటే శ్రద్ధగా చదివాను. అత్తగారింట్లో పత్రికల్లేవు, ఆసు ఉంది. మొదటి ఎండాకాలం గడిచేసరికి ఈ పని నన్ను చంపేస్తుందని అనుకున్నాను. చావు గురించి ఆలోచించీ ఆలోచించీ ఒక చావును ఆటగా మార్చాను.

మా అరుగు మీద నీడ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎదురింటి కోడలు తన ఆసు చట్రం ఎత్తుకుని మా ఇంటికే వచ్చేది. రెండిళ్ళ అవతలి నుంచి అమ్రాబాద్ అక్క వచ్చేది. మొగుడు పోయి ఒంటరిగా ఉండేది. నల్లమల దిక్కు నుంచి వచ్చింది కాబట్టి ఆమెకు మందులూ మంత్రాలూ వచ్చని ఊళ్ళో సగం మంది నమ్మకం. వాళ్ళ నాయినది అడవి చెక్‌పోస్టు కాడ చాయ్ హోటల్. ఆమెకు వచ్చిన మంత్రమల్లా చాయ్‌లో అల్లం ఎంత వెయ్యాలన్నదే. నాలుగో మనిషి ఖాలా. వీధి చివర దర్జీ భార్య, గుండీలు కుట్టడానికి అంగీలు పట్టుకుని వచ్చేది.

ఆట ఇది. ఏడు దర్వాజాల కోటలో దొర చచ్చి పడున్నాడు. ఎవరో ఆయన కల్లులో మందు కలిపారు. నేను దొర దయ్యాన్ని. విషానికి నాలుక కాలిపోయింది కాబట్టి ఔననీ కాదనీ తప్ప ఇంకేమీ చెప్పలేను. మిగతా ముగ్గురూ కోటలో మనుషులు: కొత్వాలు, మంత్రసాని, వంటామె. మూడు చింతగింజలు ఒక ముంతలో వేస్తాం. అందులో ఒకటి ఒక పక్క అరగదీసిన గింజ. చూడకుండా తలా ఒకటి తీసి కొంగున ముడేసుకోవాలి. అరిగిన గింజ పడ్డామె హంతకురాలు. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కో దర్వాజా దగ్గర ఒక్కో అడ్డు. మాట్లాడే కుక్క, తలలేని సిపాయి, మనిషి నీడను తినే బావి. దాన్ని దాటితే దయ్యాన్ని ఒక ప్రశ్న అడగొచ్చు. ఎవరు చంపారో దయ్యానికీ తెలియదు కాబట్టి ఔననో కాదనో నోటికొచ్చింది అంటాను, అది విని ఎవరి ముఖం మారిందో మిగతావాళ్ళు పట్టుకోవాలి. ప్రశ్న అడుగుతూ చెయ్యి ఆపితే మాత్రం వంతు పోయినట్టే. ఏడు దర్వాజాలు దాటేసరికి ఒక చీర ఆసు తెమిలేది.

దొరికిపోయినామె లేచి నిలబడి, "నేనే చంపిన" అని ఒప్పుకుని, ఎందుకు చంపిందో చెప్పాలి. అసలు ఆటంతా అక్కడే ఉంది. అమ్రాబాద్ అక్కకు గింజ పడితే మాకు పండగే. ఒకసారి తన బిడ్డను బావి మింగితే దొర నవ్వాడంది. ఇంకోసారి దొర ఉత్త పుణ్యాత్ముడనీ, అంత మంచితనం చూడలేక చంపాననీ చెప్పింది. ఖాలా నవ్వు ఆపుకోలేక వేలికి సూది పొడుచుకునేది.

మా అత్త ఆడేది కాదు. ఓ మూల కూర్చుని తన ఆసు తాను పోసుకునేది. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆకూ వక్కా చిన్న ఇనుప రోట్లో దంచుకుని బుగ్గన పెట్టుకునేది. ఆ దంచే సప్పుడు మధ్యలోనే నన్ను తిట్టేది. "పొద్దస్తమానం గీ సావు ముచ్చట్లేందే? ఇంటికి అరిష్టం." తిడుతూనే మొదటి రోజు గింజ అరగదీసింది కూడా ఆమెనే. నేను బండ మీద వంకరగా రుద్దుతుంటే చూడలేక లాక్కుని, "గింజ నూరుడు గూడ రాదు, దయ్యాలను పిలుస్తదట," అని సాపుగా రుద్ది ఇచ్చింది.

అట్లా రెండేళ్ళు నడిచింది. ఆ రెండేళ్ళే నాకు ఆ ఇంట్లో కాస్త ఊపిరాడింది.

ఒకరోజు గింజ మళ్ళీ అక్కకే పడింది. ఆమె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుని, గొంతు పెంచి, "నేనే చంపిన. కల్లుల మందు గలిపిన. నవ్వుకుంట తాగిండు, నవ్వుకుంటనే సచ్చిండు," అంది. అప్పుడే గోడవతల సావుకారి మనిషి నూలు మూట దించుతున్నాడు. సావుకారి అంటే మా వీధి అందరికీ నూలిచ్చి చీరలు తీసుకునే ఆసామి. ఆ మనిషి లోపలికి రాలేదు. మూట అక్కడే పెట్టి పోయాడు. మేమది పట్టించుకోలేదు.

ఆ వారంలోనే సావుకారి తమ్ముడు కల్లు తాగి వచ్చి వాంతులు చేసుకున్నాడు. మోత్కూర్ దవాఖానలో చూసి నల్లగొండకు తీసుకుపొమ్మన్నారు. దారిలోనే పోయాడు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఊరంతా ఏడ్చింది, మేమూ ఏడ్చాం.

మర్నాడు పొద్దున అక్కను ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి సంఘం ఇంటి ముందు స్తంభానికి కట్టేశారు. బాణామతి చేసి చంపిందన్నారు. మా దిక్కు బాణామతి చేసిందని అనుమానం వస్తే ఏం చేస్తారో చెప్పడానికి నాకిప్పటికీ నోరు రాదు. ముందు పళ్ళు పీకేస్తారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. మేము పరుగెత్తి పోయేసరికి సైకిల్ షాపు నుంచి తెచ్చిన పటకారు అరుగు మీద పెట్టి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు, ఎవరూ దాని మీంచి చూపు తిప్పడం లేదు.

"అన్నవా, అనలేదా?" కులపెద్ద అడుగుతున్నాడు.

"అన్న. ఆటల అన్న," అంది అక్క. పెదవి పగిలి ఉంది.

"సావుతోని ఆటేందే?"

నేను ముందుకు పోయి చెప్పాను. దొర, దయ్యం, ఏడు దర్వాజాలు, తలలేని సిపాయి. ఆ ఎండలో, ఆ పటకారు పక్కన నిలబడి చెబుతుంటే నా మాటలు నాకే పిచ్చిగా వినిపించాయి. సావుకారి తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరో వెనక నుంచి, "గీమె గూడ నేర్సుకున్నట్టుంది," అన్నారు.

ఖాలా ఒక్కతే గట్టిగా నిలబడింది. అప్పటికే తన మొగుణ్ణి సైకిల్ మీద మోత్కూర్ ఠాణాకు పంపింది. జీపు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? "పెద్దమనిషీ, జర ఆగుండ్రి. మీ ముంగటనే ఆడి సూపెడ్తం. ఆటనో కాదో సూడుండ్రి. ఇంక మీ ఇష్టం," అంది.

కులపెద్ద సరేనన్నాడు. చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి ఆ గుంపు నడుమ కూర్చుని ఆయనా అలసిపోయాడు. అక్క కట్లు విప్పారు. నేను ఇంటికి పోయి ముంత తెచ్చాను. ఎదురింటి కోడలిని పిలిస్తే వాళ్ళాయన తలుపేసుకున్నాడు. ఇక మిగిలింది అక్క, ఖాలా. ఇద్దరితో ఆట ఎట్లా? దానికంటే పెద్ద భయం ఇంకోటి నాకు అప్పుడు తట్టింది. గింజ మళ్ళీ అక్కకే పడితే? తమ్ముడు పోయిన మనిషి ముందు నిలబడి ఆమె మళ్ళీ "నేనే చంపిన" అనాలి. అప్పుడు దాన్ని ఆట అని ఎవరు నమ్ముతారు?

గుంపులోంచి మా అత్త వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని, "నేను కూసుంట," అంది.

"నీకు ఆట రాదు గద అత్తమ్మా," అన్నాను.

"రెండేండ్ల సంది చెవుల్ల పోస్తున్నవు. ఇంక రాకేంది? పెద్దదాన్ని, ముందుగాల నేను తీస్త."

ముంతలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. ముసలామెకు చెయ్యి వణుకుతోందనుకున్నాను. తర్వాత ఖాలా తీసింది, చివరికి అక్క తీసింది.

ఆసు లేకుండా ఆడటం మాకదే మొదటిసారి. ఖాలా చేతిలో అంగీ లేదు, అక్క చేతిలో దారం లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. అయినా అక్క చెయ్యి ఒళ్ళోంచి లేచి గాలిలోనే అటూ ఇటూ కదులుతోంది. రెండో దర్వాజా దగ్గర కుక్క అడ్డం వచ్చిందంటే ఒక పిల్లవాడు నవ్వాడు. మూడోదానికి కులపెద్ద గడ్డం గోక్కుంటూ, "సిపాయికి తల్కాయ లేకుంటే ఇంటడెట్ల?" అన్నాడు. అయిదో దర్వాజా దగ్గర పటకారు తెచ్చినవాడు, "ఖాలాను అడుగుండ్రి, గామె మొఖం సూస్తెనే ఎర్కయితాంది," అని అరిచాడు. వాళ్ళందరి మీదా నాకప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పొద్దున ఒక మనిషిని కట్టేసి, మధ్యాహ్నానికి కథ వింటున్నారు.

ఏడో దర్వాజా దాటాక అక్క దయ్యాన్ని అడిగింది. "పెద్దమ్మ చంపిందా?"

నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? చివరి ప్రశ్నలో ఎవరి పేరు వస్తే ఆమె ముడి విప్పి చూపించడమే మా రివాజు. మా అత్త కొంగు విప్పి గింజ అరచేతిలో పెట్టి చూపించింది. అరిగిన గింజ.

ఆమె లేచింది. గోడ పట్టుకుని, మెల్లగా. "నేనే చంపిన. కల్లుల మందు గలిపిన," అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమెనే చెప్పింది. "చిన్నపోరినప్పటి సంది ఆసు పోసిన. ఇయ్యాల నెత్తి దువ్వుకుందామంటె రెక్క లేస్తలేదు. దొర కట్టిన పంచె, దొరసాని కట్టిన చీర, అన్నీ గీ రెక్కతోనే అయినయి. అవ్వా, తిన్నవానే అని ఒక్కనాడు అడగలే. గందుకు గలిపిన."

సావుకారి తలెత్తి ఆమెను చూశాడు. "నాకేం సమజయితలేదు. నా తమ్ముడు మల్ల రాడు," అని లేచి వెళ్ళిపోయాడు. కులపెద్ద, "ఆటనే తియ్," అన్నాడు. పటకారు ఎవరు తీసుకుపోయారో నేను చూడలేదు. ఎండ దిగాక జీపు వచ్చింది. అప్పటికి మా వీధిలోనే ఇంకో ఇద్దరు అదే కల్లు తాగి పడ్డారు. కల్తీ కల్లని దవాఖానలో చెప్పారు. వాళ్ళు బతికారు. అక్కకు మాత్రం తప్పయిందని ఎవరూ చెప్పలేదు.

ఆమె ఆ వారంలోనే పుట్టింటికి పోయింది. బస్సెక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేము మళ్ళీ ఆ ఆట ఆడలేదు. ఆసు మాత్రం ఎక్కడికి పోతుంది?

ఊరు అక్కను వదిలింది గానీ అనుమానాన్ని వదల్లేదు. అది వచ్చి మా ఇంటి ముందు కూర్చుంది. అంతకు ముందు నూలు మూట మా అత్త చేతికిచ్చేవాళ్ళు, తర్వాత అరుగు చివర పెట్టి పోవడం మొదలుపెట్టారు. మజ్జిగ తోడు కోసం వచ్చేవాళ్ళు రావడం మానేశారు. ఆమె బజార్లో పోతుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. ఎవరింట్లో బిడ్డకు జ్వరమొచ్చినా పొద్దున్నే మా గడప ముందు పసుపూ కుంకుమా పూసిన నిమ్మకాయ ఉండేది. నేను ఏడ్చేదాన్ని. ఆమె వంగి తీసి, "మంచిగున్న కాయను ఖరాబ్ చేసిండ్రు," అని అవతల పారేసేది. ఏళ్ళు గడిచినా అంతే.

తొంభైల్లో ఆమె మంచాన పడింది. కుడి రెక్క బిగుసుకుపోయింది. రోజూ నూనె కాచి రాసేదాన్ని. ఒకరోజు అటక దులుపుతుంటే పాత ముంత దొరికింది. గింజలు అందులోనే ఉన్నాయి. ఊరికే చెయ్యి పెట్టాను. మంచి గింజ నున్నగా జారిపోతోంది. అరిగిన గింజ బొటనవేలికి గరుగ్గా, చదునుగా తగులుతోంది. చూడనక్కర్లేదు, తెలిసిపోతుంది. ఆ ముగ్గురూ రెండేళ్ళు ఆడి కూడా ఎప్పుడూ వేలితో తడమలేదు, ఎందుకంటే హంతకురాలు కావాలని వాళ్ళలో ఎవరూ వెతుక్కోలేదు.

గింజ తీసుకుపోయి ఆమె పక్కన కూర్చున్నాను. "అత్తమ్మా, ఎర్కయ్యే తీసినవా?"

"నేను నూరిన గింజ నాకెర్కలేదా?"

"ఊరంత నిన్ను గిట్ల సూస్తదని తెల్వదా మరి?"

"తెల్వకేంది." ఇనుప రోలు దగ్గరికి జరపమని సైగ చేసింది. జరిపాను. ఎడమ చేత్తో రెండు దెబ్బలు దంచి ఆగింది. "మల్ల దానికే పడుతుండె. పండ్లు పీకుతుండిరి. ముత్యాల లెక్కుంటుండె దాని పండ్లు, నువ్వు సూడలేదా?"

రెక్క మీద చెయ్యి వేశాను. ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లలా నోరంతా తెరిచి చూపించింది.

"నా నోట్ల ఏమున్నయే పీకనీకి?"