బైకు వెనక దుమ్ము

కైకలూరు నుంచి కొత్తగా పెళ్లయిన ఒకతను ఏలూరులోని మా స్టూడియోకి వచ్చాడు. చేపల చెరువు గట్టు మీద భార్యను ఎక్కించుకుని బైకు నడుపుతున్న ఫొటో ఇచ్చి, వెనకాల దుమ్ము లేపమన్నాడు. కంప్యూటర్లో బ్రష్‌తో లేపాను.

"పిండి చల్లినట్టుందండీ," అన్నాడు. రంగు మార్చాను.

"ఇప్పుడు పొగలా ఉందండీ."

విసుగెత్తి ఆ గట్టుకే వెళ్లాను. మేత లారీ వెనక లేచిన దుమ్మును దగ్గుకుంటూ ఫొటో తీసి, తెచ్చి అతికించాను. ఈసారి అతను మురిసిపోయాడు. అతనితో వచ్చిన భార్య మాత్రం ఫొటోలోకి తేరిపార చూసి, "ఏవండీ, ఆ రోజు వాన కదా! చక్రాల నిండా బురదే. దుమ్మెక్కడిదండీ?" అంది.

నాలుగు రోజులుగా ఆ చక్రాలు నా కళ్లెదుటే ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. దుమ్మంతా తీసేసి, అతను మొదట తెచ్చిన ఫొటోనే ఉన్నదున్నట్టు ప్రింటు తీసి ఇచ్చాను.