గైడులో పారిన ఏరు

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే మా ఊరికున్న కరువే పోబోయింది. నవ్వకండి, ఊరు ఊరంతా చీపుర్లు పట్టుకుని నన్ను తరమాల్సిన కథ ఇది.

విడపనకల్లు అవతల, కర్ణాటక పొలిమేరలో మా పల్లె. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో నన్ను మించినవాళ్ళు లేరు. అంటే, గైడులోని వ్యాసాన్ని ఊపిరి తీయకుండా అప్పజెప్పడంలో అన్నమాట. మా బడిలో ఇంగ్లీషు రావడమంటే అదే. అర్థం అడిగితే మాత్రం నాకు వెంటనే దాహం వేసేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా నాయన వేసిన వేరుశనగ ఊడలు దిగకముందే మాడిపోయింది. అందరిదీ అదే గతి. మా మండలం కరువు జాబితాకెక్కితేనే పరిహారం, లేకపోతే ఊరంతా బెంగళూరు బస్సెక్కాల్సిందే. అది తేల్చడానికి ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తున్నారని తెలిసి సర్పంచి తిప్పేస్వామన్న బడికి వచ్చాడు.

"సారూ, మనం తెలుగులో ఏడిస్తే వాళ్ళకు తెలీదు. నడమ ఉండేటోళ్ళు ఏం చెప్తారో మనకు తెలీదు. ఇంగ్లీషులో ఏడ్చే పిల్ల ఒకతి కావల్ల."

"మా నాగవేణి ఉండాది కదన్నా!" అన్నాడు ఇంగ్లీషు సారు గర్వంగా.

సారు కరువు మీద అరపేజీ రాసిచ్చాడు. బట్టీ పట్టేశాను. చిక్కంతా మొదటి వాక్యంతోనే. సారు 'మై విలేజ్ ఈజ్ ఎ స్మాల్ విలేజ్' అని మొదలుపెట్టాడు. గైడులో 'మా ఊరు' వ్యాసం కూడా సరిగ్గా అలాగే మొదలవుతుంది. బట్టీ పట్టిన నోరు ఎద్దులాంటిదండీ, పగ్గం వదిలితే పాత గాటికే పోతుంది.

ఆఫీసర్లు మా చేను పక్కన కారు దిగారు. తలుపు కూడా వేయలేదు, అంత తొందర. నేను మొదటి వాక్యం గట్టిగా చెప్పాను. రెండో వాక్యంలో ఏరు గలగలా పారింది. ఆ తర్వాత వరిచేలు పచ్చగా ఊగాయి, కొబ్బరిచెట్లు మొలిచాయి, రైతులు పాటలు పాడుకుంటూ సుఖంగా బతికారు. ఇంగ్లీషు రాని జనం ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టారు.

మా నాయన తువ్వాలతో కళ్ళొత్తుకున్నాడు. "చూడప్పా, నా బిడ్డ ఎట్ల ఏడిపిస్తాండాదో!"

సారు పళ్ళు బిగించి, "చాలమ్మే, నిలుపు!" అన్నాడు.

"ఇంకా ఆవులుండాయి సార్" అన్నాను గుసగుసగా.

పెద్దాఫీసరు చుట్టూ చూశాడు. "వేర్ ఈజ్ ది రివర్?"

అది మాత్రం నాకు అర్థమైంది. అప్పుడు తెలిసింది ఇంతసేపూ ఏం వాగానో.

"ఏమంటాండాడు సారూ?" తిప్పేస్వామన్న అడిగాడు.

"ఏరు యాడుండాదని."

"ఏరా? మనూర్లోనా? ఎవురు చెప్పినారప్పా?"

అందరూ నా వైపు తిరిగారు. భయంతో నా వేలు దానంతటదే చేల అవతలి వంక వైపు లేచింది. ఆఫీసరు నడక మొదలుపెట్టాడు. ఆయన వెనక ఊరు. మాడిన వేరుశనగ కాళ్ళకింద కరకరలాడింది. నిప్పులాంటి ఎండ. తీరా చూస్తే వంకలో ఇసుక, ఆ ఇసుకలో నాలుగు మేకలు.

ఆఫీసరు బండ మీద కూర్చుని బూటు దులుపుకున్నాడు. "వేర్ ఈజ్ ది రివర్?"

"నోరు తెరువమ్మే! నీ ఏరు నువ్వే చూపించల్ల" అన్నాడు నాయన. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గైడంతా వెతికినా దీనికి జవాబు లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంతంగా ఇంగ్లీషు కూడబలుక్కున్నాను.

"సార్... రివర్ ఈజ్ ఇన్ గైడ్. విలేజ్ ఈజ్ హియర్."

ఆయన బండ మీదే పడీపడీ నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నవ్వలేదు. ప్రతి చేలోనూ ఆగాడు, మొక్క పీకి వేళ్ళు చూశాడు, సారు నడమ ఉండి చెబుతుంటే మా నాయనతో గట్టు మీద కూర్చుని మాట్లాడాడు. ఆ యేడు మా మండలం జాబితాకెక్కింది.

ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఇంగ్లీషు సారు ఒక్కడే, "మూడు తావుల 'ది' వదిలేస్తివి కదమ్మే!" అని దిగులుపడ్డాడు.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, అందులో నీళ్ళు మా ఊళ్ళో దొరకవు గనక మిగిలిన నాలుగింటి సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను: నా కంటితో చూడని చుక్కను ఇక ఏ భాషలోనూ పారించను.