బల్ల ముందు రోజు

మా మిరప కోతల మేస్త్రమ్మ పోయిందని బుధవారం పొద్దున్నే ఆటో డ్రైవర్ వచ్చి చెప్పాడు. రోజూ కిక్కిరిసి వచ్చే ఆటోలో ఆ రోజు ఒక్క ఆడమనిషి కూడా లేదు. "తెల్లారుజామున నిద్రలోనే పోయిందంటన్నా. ఇయ్యాళ కోతల్లేవు," అన్నాడు. నేను గట్టుమీద కూలబడ్డాను.

ఇరవై ఏళ్ళు మా చేలో కోతలన్నీ ఆమె చేతిమీదుగానే జరిగాయి. పాతికమంది ఆడవాళ్ళ ముఠాను నడిపిన మనిషి గొంతు పెంచగా నేను వినలేదు. ఎక్కడైనా కొమ్మ విరిగితే మాత్రం "దానికీ ప్రాణముందే, మెల్లగా," అనేది. మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి ఇలా కళ్ళు మూసి అలా తెరిచేసేది. "అంత చిన్న ప్రార్థనేంటి మేస్త్రమ్మా, దేవుడికి వినపడిందా?" అని ఏడిపించేవాణ్ణి. "ఆయనకి తెలియందేముంది బాబూ! కూర చల్లారిపోద్ది," అనేది. చర్చి అంటే నాకు మైకులే తెలుసు. ఆమె భక్తిలో మైకు లేదు.

నెలలో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. ఎవరితోనైనా మాటామాటా వచ్చి ఉంటే, ముందు వాళ్ళతో సమాధానపడి గాని అది తీసుకోకూడదని ఆమె పట్టింపు. అందుకని ముందు రోజు సాయంత్రం పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఊళ్ళోకి బయల్దేరేది. "నా మీద ఏమన్నా ఉంటే మనసులోంచి తీసేయండి. రేపు బల్ల." అంతే మాట. కొళాయి దగ్గర బిందె జరిపిన పాపానికి కూడా వెళ్ళేది. తప్పు అవతలివాళ్ళదైనా ఈమే వెళ్ళేది. మేం నవ్వుకునేవాళ్ళం.

మూడేళ్ళ కిందట వాన వస్తుందన్న భయంతో కల్లంలో ఇంకా తడి ఆరని కాయల మీద పట్టా కప్పి రెండు రోజులు వదిలేశాను. కాయ ఉక్కపట్టి, రంగు పోయి, తెల్లటి తాలు తేలింది. మిర్చి యార్డులో వ్యాపారి పెదవి విరిచాడు. ఆ ఉక్రోషమంతా ఆమె మీద చూపించాను. "పండని కాయ కోయించి నా పంట నాశనం చేశావు!" అని ముఠా అందరి ముందూ అరిచాను. పట్టా సంగతి నాకు తెలుసు. తెలిసే అరిచాను.

ఆ నెల కూడా బల్ల ముందు రోజు మా గేటు దగ్గరకు వచ్చింది. "మీరన్నదానికి నాకు కోపమొచ్చింది బాబూ. మనసులో తిట్టుకున్నా. తీసేయండి," అంది. నేను ఫోన్లోంచి తలెత్తకుండా "సరే, వెళ్ళు," అన్నాను. మరుసటి నెల మళ్ళీ వచ్చి అదే మాట చెప్పింది. "ఇంకా అవలేదా నీ గోల!" అని నవ్వాను. ఆమె కూడా నవ్వి వెళ్ళిపోయింది. ఒకే తగాదాకి రెండుసార్లు ఎందుకొచ్చిందో అడగాలని కూడా నాకు తోచలేదు.

బుధవారం సాయంత్రం సమాధుల తోటలో ఆమె కూతురు చెప్పింది. నిష్ఠూరంగా కాదు, తల్లి ముచ్చట చెప్పినట్టే చెప్పింది. "మీరు కేకలేసిన నెల అమ్మ బల్ల తీసుకోలా బాబుగారూ. 'ఆయన నా మొహం చూడలా. మనసులో ఇంకా ఉంది, నేనెట్టా తీసుకునేది' అని చివర కూర్చుంది. మళ్ళీ నెల మీరు నవ్వాకే తీసుకుంది."

నాకు చచ్చేంత సిగ్గేసింది. నేను చేసిన తప్పుకి పస్తు ఉన్నది ఆమె. ఇరవై ఏళ్ళు మా పొలంలో తిరిగిన ఆ మనిషి దేవుణ్ణి ఎంత నమ్మిందో నాకు ఆ రోజు తెలిసింది.

ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేసి పక్కకు జరుగుతున్నారు. నా వంతు వచ్చింది. ముఠా ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"పట్టా కప్పింది నేనేనమ్మా. నీ తప్పేం లేదు. తీసెయ్," అన్నాను, వాళ్ళందరికీ వినపడేలా.

అప్పుడు గాని నా పిడికిలి విడలేదు.