ఎజ్రా గారు జరిపించిన లైటు

మొన్న ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చిలో క్రిస్మస్ నాటకానికి పిల్లలకు వేషాలు వేస్తుంటే పౌడరు వాసన గుప్పుమంది. వెంటనే ఎజ్రా గారు గుర్తొచ్చారు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. నల్లజాతి నటుడు. ఆయన వయసులో ఉన్నప్పుడు సినిమాల్లో నల్లవాళ్ళకు దొరికినవి ట్రే పట్టుకుని నిలబడే నౌకరు వేషాలే. పదేళ్ళు ట్రేలు మోసి, ఇక మొయ్యనన్నారట. రెండేళ్ళు సిటీ బస్సు నడిపి, చివరికి డాక్టరు వేషంతో తిరిగొచ్చారు. తెర మీద స్టెతస్కోపు వేసుకున్న తొలి నల్లవాళ్ళలో ఆయనొకరు. ఇదంతా ఆయన చెప్పుకోలేదు, గోడ మీది ఫోటో చూసి నేనే కూపీ లాగాను.

నాటకం బాధ్యత నా నెత్తిన పడ్డ మొదటి ఏడు, ఆయన్ని బతిమాలి రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. తెలుగు ముక్క రాకపోయినా గంటసేపు కదలకుండా చూశారు. తర్వాత ఇంగ్లీషులో మెల్లగా అడిగారు.

“అందరి డైలాగులూ నోట్లోనే చెప్పేసుకుంటున్న ఆ పాపని గొర్రెల వెనక ఎందుకు పెట్టావు?”

ఆ పాప కెజియా, తొమ్మిదేళ్ళది. మరియ వేషం కావాలని నన్ను రెండుసార్లు అడిగింది. నేను పచ్చగా ఉన్న పిల్లకిచ్చాను. మా చర్చిలో మరియ ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

“కొంచెం నలుపు కదా, మిస్టర్ ఎజ్రా. ఆ లైట్ల కింద మొహం కనబడదు.”

ఎవరితో ఏమన్నానో నోరు జారాక తెలిసింది. నేనేమీ తెల్లదాన్ని కాదన్న సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం నవ్వారు.

“నాకూ అదే చెప్పేవారు. డాక్టరు వేషం రోజున, ‘నేనిక్కడే ఉంటాను, లైటు జరపండి’ అన్నాను. అరగంట పట్టింది, అంతే.”

నిచ్చెన తెచ్చి లైటు జరిపాం. మాకు పావుగంట కూడా పట్టలేదు. మరియ వేషం కెజియాకిచ్చాను. మొదటి మరియకు దేవదూత రెక్కలిస్తే ఎగిరి గంతేసింది. కెజియా వాళ్ళమ్మే నన్ను పక్కకి లాగింది.

“వద్దులే అక్కా. ఎవరన్నా ఏదన్నా అంటే పిల్ల ఫీలవుతుంది.”

“అంటే నన్ననమను,” అన్నాను.

పండగ రోజు కెజియా తన అమెరికా యాసలో మొదటి మాట పలకగానే హాల్లో తలలన్నీ స్టేజి వైపు తిరిగాయి. ఆ మొహంలో ప్రతి రేఖా వెనక వరుసదాకా కనబడింది. వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ స్టేజి దగ్గరికి పరిగెత్తింది. ఎజ్రా గారు చప్పట్లు కొట్టలేదు, కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆయన పోయి మూడేళ్ళయింది. నేను పూర్తిగా బాగుపడ్డానని చెప్పను. ఆఫీసులోనైనా చర్చిలోనైనా, ఎవరినో వెనక్కి పంపడానికి నా నోట్లో ఇప్పటికీ ఓ కారణం సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగేసి, నిచ్చెన ఎక్కడుందో వెతుక్కుంటాను.