ట్రాక్టరు పెట్టెలో దాచిన ప్యాకెట్టు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెబుతున్నాను.

మాది మండపేట దగ్గర వ్యవసాయం. బాబు పుట్టినప్పుడు నా భార్యకు ఆపరేషన్ అయింది. రెండేళ్లు గడిచేదాకా మళ్లీ కడుపు రాకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నర్సు కండోమ్‌ల ప్యాకెట్టు ఇచ్చి, వేడి తగలనివ్వొద్దని, నూనె రాయొద్దని, ఒకవేళ చిరిగితే మూడు రోజులు దాటకుండా వచ్చి మాత్ర వేసుకోమని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. నేను సిగ్గుతో గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. విన్నాను మాత్రం. వినలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

బీరువాలో చీరల కింద పెడదామంది నా భార్య. మా ఇంట్లో బీరువా తాళాలు అమ్మ బొడ్లో ఉంటాయి. అమ్మ కంట పడితే పరువేం కావాలి? పెళ్లయి బిడ్డను కన్నవాడికి అందులో పోయే పరువేమిటో! తీసుకెళ్లి ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో, పానాల కింద దాచాను. రోహిణి ఎండలకు ఆ పెట్టె మూత ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం, బాబు తప్ప ఇంటిల్లిపాదీ సామర్లకోటలో పెళ్లికి వెళ్లారు. ఒకటి తీసి చూస్తే జిగటగా, అతుక్కుపోయి ఉంది. పారేయాల్సింది. కొత్తవి కొందామంటే మందుల షాపాయన మా మావయ్య స్నేహితుడు. కొబ్బరినూనె రాశాను. చిరిగింది. నేను చూశాను.

"ఏవండీ, అంతా బాగానే ఉందా?" అని అడిగింది.

"ఆఁ, ఏం కాలేదు. పడుకో."

ఎందుకలా అన్నాను? ఎక్కడ దాచారని నిలదీస్తుందనా? ఆ నర్సు ముందు మళ్లీ తలదించుకు కూర్చోవాలనా? మూడు రోజులూ ఆ మాట నోటిదాకా వచ్చింది. గడువు దాటాక, ఇక చెప్పి ఏం లాభంలే అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో.

కడుపు నిలిచింది. డాక్టరమ్మ ఆమెనే తిట్టింది. ఆమాత్రం ఆగలేకపోయావా అని అమ్మ ఆమెనే దెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఏడో నెలలో పాత కుట్టు విడిపోయింది. ఆడపిల్ల. దక్కలేదు. తల్లిని బతికించడానికి గర్భసంచి తీసేశారు. నా ఒళ్లే మంచిది కాదండీ అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఓదార్చాను. అవును, నేనే ఓదార్చాను.

మొన్న మా తమ్ముడి భార్యకూ కాన్పులో ఆపరేషన్ అయింది. "వాటిని నమ్ముకోకమ్మా, మేం జాగ్రత్తగానే వాడాం, అయినా నా గతి చూడు" అని నా భార్య ఆ అమ్మాయికి చెబుతుంటే వరండాలోంచి విన్నాను. నా అబద్ధం ఇప్పుడు ఇంకొకరి ప్రాణం మీదికి వస్తోంది. తమ్ముణ్ణి పక్కకు పిలిచి, చల్లటి చోట పెట్టమని, తేదీ చూసి వాడమని, నూనె జోలికి పోవద్దని చెప్పాను.

"నీకెలా తెలుసు అన్నయ్యా?" అన్నాడు.

ప్యాకెట్టు మీద ఉంటుందిలే అన్నాను. ఛీ, అప్పుడు కూడా!

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి వేరు. చిరిగిందని తెలిసే ఏం కాలేదన్నాను. ఇలా రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆమె మాత్రం ఇప్పటికీ తన ఒంటినే తిట్టుకుంటోంది.