తలలేని మిషను, కాణిపాకం ప్రమాణం

ఆ ఏడు చిత్తూరుకు వెళ్లింది దేవుడి పని మీద కాదు, మొరాయించిన సర్వర్ పని మీద. అక్కడొక చిన్న ధర్మాసుపత్రి. క్యాన్సర్ రోగుల్లో ఎవరికి ఎంత మందు ఎక్కించారో, ఇంకెంత ఎక్కించాలో ఆ సర్వర్ రెండో డిస్కులోనే ఉంది. వేరే నకలు లేదు. చెడిన మొదటి డిస్కు మార్చి, కొత్తదానిలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి రావాలి. ఆ సర్వర్‌కు తెర లేదు, కీబోర్డు లేదు; ఇలాంటిదాన్నే తలలేని మిషను అంటారు. అందుకే ఇన్‌స్టాలేషన్‌లో వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఫ్లాపీలో రాసుకున్నాను. సీడీ, ఫ్లాపీ పెట్టి మీట నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని నా ధీమా.

పొద్దున్నే తిరుపతిలో ఇడ్లీ తిని, కాణిపాకం మీదుగా వెళ్లే బస్సెక్కాను. టికెట్ ముప్పై రూపాయల లోపే, ప్రయాణం రెండు గంటల పైనే. పాకాల దాటాక పక్కసీటు పెద్దాయన మాట కలిపారు. పొలంగట్టు తగాదాలో వినాయకుడి ముందు ప్రమాణం చేయడానికి కాణిపాకం వెళుతున్నారట.

“ఆడ కోనేట్లో మునిగి లేసి చెప్పినంక మాట మార్సేది లేదప్పా. చెప్పేదేందో ముందే సూసుకోవాల.”

“నిజం చెప్పేవాళ్లకు భయమెందుకు?” అన్నాను.

ఆసుపత్రి వరండాలో రోగులు బెంచీల మీద ఎదురుచూస్తున్నారు. నేను డిస్కు మార్చి, సీడీ, ఫ్లాపీ పెట్టేసరికి నర్సు సరోజమ్మ కుంకుమ భరిణెతో వచ్చింది. “తలకాయ లేని మిషనుకు బొట్టు యాడ పెట్టేది సార్?” అంటూ పైరేకు మీదే పెట్టింది. ఇది ముందు డిస్కును తుడిచేసి, తర్వాతే లైనక్స్ ఎక్కిస్తుందని ఆమెకు చెప్పాను. నా వేలు మీట మీదికి పోతుండగా, “తుడిసేముందు ఏమన్నా అడుగుతాదా?” అంది.

“అడగదమ్మా. జవాబులన్నీ ముందే చెప్పేశాను.”

అనగానే పెద్దాయన మాట గుర్తొచ్చింది. వేలు వెనక్కి తీసుకుని, ఆసుపత్రి ఆఫీసు కంప్యూటర్‌లో ఫ్లాపీ తెరిచాను. ఏ డిస్కులు తుడవాలన్న చోట ‘అన్నీ’ అని ఉంది. బయల్దేరే ముందు నేను పరీక్షించిన కంప్యూటర్‌కు ఉన్నదే ఒక డిస్కు. అక్కడ ఆ జవాబు తప్పు కాదు. ఇక్కడ? రెండో డిస్కులోని రికార్డులూ తుడిచిపెట్టుకుపోయేవి. ‘మొదటిది మాత్రమే’ అని దిద్దాను. అదీ చాలక, రెండో డిస్కు తీగ పీకి మరీ మీట నొక్కాను.

లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. అరగంట దాటాక సీడీ పళ్లెం దానంతటదే బయటికొచ్చింది. పని ముగిసిందనడానికి నేను పెట్టుకున్న గుర్తు అదొక్కటే.

“తలకాయ లేకపోయినా నాలుక సాపినాదే!” అని సరోజమ్మ నవ్వింది. రెండో డిస్కు తగిలించాక రికార్డులు తెరుచుకున్నాయి. ఆమె వరండాలోకి వెళ్లి మొదటి రోగిని పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు బస్సు కాణిపాకంలో ఆగితే ఆ పెద్దాయనే ఎక్కారు. పంచె ఇంకా ఆరలేదు.

“ప్రమాణం అయిందా?”

“లేదప్పా. మునిగి లేసినాను గానీ నోరు రాలేదు. గట్టు మొదట్లో యాడ ఉండెనో నాకే తెల్దు. మా నాయన చెప్పినాడని నమ్మినాను, అంతే.”

ఎదురు ప్రశ్న వేసేవాళ్లుంటే తప్పు జవాబునైనా దిద్దుకోవచ్చు. మన మాటను అడక్కుండా నమ్మేసేదాని ముందే అసలు భయం. మీరూ ఇలాంటి పని మీద వెళితే, ఫైలులో ఏం రాసుకున్నా సరే, ముందు డేటా డిస్కు తీగ పీకేయండి. మీకు తెలుసనుకున్నది నిజంగా తెలుసో లేదో, మీట నొక్కాక అడిగేవాళ్లుండరు.