పెద్దమనుషుల నోళ్లు కుట్టిన పిల్ల

కడపలో ఆరుగురు పెద్దమనుషులను వరసగా కూర్చోబెట్టి నోళ్లు కుట్టేసిన మనిషి మా హులిగెమ్మ. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల పిల్ల, దారానికి కొదవా? తలా రెండు మాటలు పట్టేంత సందు వదిలి, మిగతాదంతా గట్టిగా ముడేసింది.

నేను పక్కనే ఉండి చూశాను. ఆమె చదివే కాలేజీలోనే చేరి, రెండో ఏడు మధ్యలో వదిలేశాను. ఆ దెబ్బ నుంచి కాలేజీ ఇంకా తేరుకోలేదు. ఇప్పుడు ప్రెస్సులో పేజీలు పెడుతుంటాను. నా అంత వేగంగా పెట్టేవాడు సీమలో లేడు. ఉంటే వాడికి నేర్పింది నేనే.

మా ప్రెస్సులోనే అచ్చయ్యే కాలేజీ సాహిత్య సంచికకు హులిగెమ్మను సంపాదకురాలిని చేశారు. మంచి కథలు ఏరుకోవడమే పని అనుకుంది పాపం. ఒకడు కవితను కాగితం మీద రాసి, ఫోటో తీసి, అడ్డంగా పంపాడు. మెడ తిప్పుకుని చదివి వద్దంటే, అదే కవితను నిలువుగా తిప్పి మళ్లీ పంపాడు. ఇంకొకడు పొద్దున్నే ఫోను: "అక్కా, నా గజల్ యా పక్క వస్తాది? కుడిపక్క ఏస్తే బాగుంటాది."

ఇంత చెత్తలో ఆమెకు దొరికింది ఒక్క కథ. కోసిగి నుంచి వచ్చిన అంజలి అనే మొదటేడు పిల్ల రాసింది. మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు వలసపోయిన తల్లి, అక్కడి గుడిసెలోంచి ఫోనులో కూతురికి జడ అల్లుకోవడం నేర్పుతుంది. అదీ కథ. దాన్ని అచ్చులో చూడాలని హులిగెమ్మ పట్టు.

కథకు ఆరు పేజీలు కావాలి. మిగిలింది ఒక్కటే. ముందు పేజీలన్నీ ఆరుగురు పెద్దల సందేశాలకు, తలా ఒక పేజీ, పెద్ద ఫోటోతో. అది ఆనవాయితీ. పేజీలు పెంచడానికి కాలేజీ ఒప్పుకోదు.

"కథ కోసెయ్ పాపా, ఎవురు చూస్తార్లే" అన్నాను.

"యాడ కొయ్యాల? అమ్మ కాడనా, జడ కాడనా?" అని మీదికొచ్చింది.

పోనీ ఆ సందేశాలైనా వచ్చాయా? ప్రిన్సిపాలును అడిగితే, "నువ్వే రాసుకోమ్మా, సంతకం పెడతా" అన్నాడు. కరస్పాండెంటు ఉమామహేశ్వర గారిదీ అదే మాట. ఆరుగురిదీ అదే మాట.

హులిగెమ్మ ప్రెస్సుకొచ్చి కుర్చీలో దబ్బున కూలబడింది. "వాళ్లను వాళ్లు పొగుడుకునేది గూడా నేనే రాయాలంట! దీని బదులు మగ్గంలో కూర్చున్నింటే చీరన్నా అయితాండె."

"రాయి మల్ల. అభినందనలు, ఆశీస్సులు, తలా యాభై వరసలు" అని వెక్కిరించాను.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, "యాభై యాల?" అంది.

అక్కడే కూర్చుని రాసింది. తలా రెండు వరసలు. ఫోటోలు తపాలా బిళ్లంత. ఆరుగురు పెద్దలూ ఒక్క పేజీలో సర్దుకున్నారు. చదవకుండానే అందరూ సంతకాలు పెట్టారు. అంజలి కథ ఒక్క అక్షరం పోకుండా పట్టింది.

ఆవిష్కరణ రోజు ఉమామహేశ్వర గారు వేదిక మీద తన సందేశం తానే చదవబోయారు. రెండో వరసకే అయిపోయింది. పేజీ తిప్పితే అంజలి కథ. మళ్లీ వెనక్కి తిప్పి, అద్దాలు సవరించుకుని, "క్లుప్తంగా రాయడం నాకు మొదట్నుంచీ అలవాటు" అన్నారు. సభంతా చప్పట్లు.

ఇదంతా రాసి హులిగెమ్మకు చూపించాను. మొదటి వాక్యం దగ్గరే ఆగి అంది:

"నోళ్లు కుట్టింది ల్యా, దారమూ ల్యా. వాళ్లు రాయమన్యారు, రాసినా. ఆ పిల్ల కథకు జాగా కావల్ల. అంతే."